పిల్లల ఫిట్స్ మందులు: ఏది ఒంట్లోంచి ఎలా పోతుందో చూసి ఎంచుకోవడం

60 కిలోల బాబాయి రోజుకు 1000 మి.గ్రా. లెవెటిరాసిటమ్ అనే ఫిట్స్ మందు వేసుకుంటాడు. అదే ఇంట్లో 12 కిలోల పాపకి డాక్టరు రోజుకు 360 మి.గ్రా. రాశారు. కిలోకి ఎంతో లెక్క కడితే బాబాయికి 17 మి.గ్రా. కూడా పడదు, పాపకి 30 పడుతుంది. ఈ లెక్క చూసి భయపడి, డాక్టరుకి చెప్పకుండా డోస్ సగం చేసి తాగించే తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ డోస్ ఎక్కువేమీ కాదు. పాప ఒళ్ళు ఆ మందుని బాబాయి ఒంటికంటే త్వరగా బయటికి పంపేస్తుంది కాబట్టే కిలోకి అంత ఇవ్వాల్సి వస్తుంది.

డాక్టరు రెండు మూడు మందుల పేర్లు చెప్పి "ఇందులో ఏదైనా మొదలుపెట్టొచ్చు" అన్నప్పుడు ఎటూ తేల్చుకోలేని వాళ్ళ కోసం, ఇప్పుడు వాడుతున్నది మార్చాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మందుల పోలికలు చాలాచోట్ల సైడ్ ఎఫెక్ట్స్ దగ్గరే ఆగిపోతాయి. పిల్లల విషయంలో అది చాలదు. మందు ఏ దారిన బయటికి పోతుంది, ఎంత వేగంగా పోతుంది, ఆ వేగం ఎప్పుడు మారుతుంది అనేవి తెలిస్తేనే ఏ మందు మీ ఇంటికి కుదురుతుందో అర్థమవుతుంది. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మాత్రం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

## వయసుతో మారే వేగం

పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు సరిగా పనిలోకి దిగి ఉండవు. కిడ్నీల వడపోత కూడా తక్కువే. పసిబిడ్డలకి పుట్టగానే వచ్చే కామెర్లకి ఒక ముఖ్య కారణం లివర్‌లోని ఒక ఎంజైముల కుటుంబం ఇంకా పక్వానికి రాకపోవడమే. వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్ లాంటి ఫిట్స్ మందుల్ని బయటికి పంపేది కూడా అదే కుటుంబానికి చెందిన ఎంజైములు. లివర్, కిడ్నీలు ఇంకా వెనకబడి ఉండడం వల్లే మొదటి వారంలో ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందు రక్తంలో సగానికి తగ్గడానికి 100 గంటలు దాటిపోతుంది. నెల తిరిగేసరికి అది 60, 70 గంటల దగ్గరికి వస్తుంది. డోస్ అదే ఉన్నా రక్తంలో మందు మాత్రం తగ్గుతూ పోతుంది.

తరవాత కథ తిరగబడుతుంది. ఏడాది నుంచి పదేళ్ళ లోపు పిల్లలు చాలా ఫిట్స్ మందుల్ని, కిలో బరువుకి లెక్కేస్తే, పెద్దవాళ్ళకంటే వేగంగా వదిలించుకుంటారు. దీనికి ఒక కారణం లివర్ సైజే. పెద్దవాళ్ళ బరువులో లివర్ వాటా సుమారు 2 శాతం. చిన్నపిల్లల్లో అది దాదాపు రెట్టింపు. కిడ్నీల వడపోత కూడా ఒకటి రెండేళ్ళకే, ఒంటి సైజుతో పోల్చి చూస్తే, పెద్దల స్థాయికి చేరుకుంటుంది. యుక్తవయసు వచ్చాక ఈ వేగం మెల్లగా పెద్దవాళ్ళ దారిలోకి వస్తుంది. అప్పుడు మొత్తం డోస్ పెరిగినా, కిలోకి పడే డోస్ తగ్గుతుంది.

రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. ఏ మందైనా మొదలుపెట్టాక, లేదా డోస్ మార్చాక, రక్తంలో ఒక స్థిరమైన లెవల్‌కి రావడానికి సుమారు ఐదు అర్ధాయువులు పడుతుంది. లెవెటిరాసిటమ్‌కి అది ఒకటిన్నర రోజు. ఫినోబార్బిటాల్‌కి రెండు మూడు వారాలు. గార్డినాల్ (ఫినోబార్బిటాల్‌కి బ్రాండ్ పేరు) మొదలుపెట్టిన నాలుగో రోజున "ఇంకా పని చేయలేదు, మార్చేయండి" అని ఒత్తిడి చేయడం ఎందుకు సరికాదో దీన్నిబట్టే తెలుస్తుంది.

## ముందు దేన్ని చూడాలి

అన్నిటికంటే ముందు ఫిట్స్ రకం. ఇందులో బేరసారాలు లేవు. కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకానికి, పొద్దున్నే చేతులు ఎగిరిపడే మయోక్లోనిక్ రకానికి కార్బమజెపిన్, ఫెనిటాయిన్ మేలు చేయకపోగా ఫిట్స్‌ని ఎక్కువ చేస్తాయి. ఒంట్లోంచి ఎంత చక్కగా బయటికి పోయే మందైనా రకానికి సరిపడకపోతే పనికిరాదు. రకానికి సరిపడేవి రెండు మూడు మిగిలినప్పుడే కింది ప్రశ్నలు.

మందు లివర్ దారిన పోతుందా, కిడ్నీ దారినా? లివర్ దారిలో ఇతర మందులు అడ్డుపడే అవకాశం ఎక్కువ. కిడ్నీ దారి సాధారణంగా ఊహకి అందుతుంది, కానీ కిడ్నీ జబ్బు ఉంటే డోస్ తగ్గించాలి.

ఒక డోస్ మర్చిపోతే ఏమవుతుంది? అర్ధాయువు 6 గంటలున్న మందు 12 గంటలకి నాలుగో వంతుకి, 24 గంటలకి పదహారో వంతుకి పడిపోతుంది. డోస్ తప్పిన ప్రతిసారీ ఫిట్స్ వచ్చేస్తాయని కాదు. కానీ రక్షణ పలచబడుతుంది. అర్ధాయువు రోజుల్లో ఉండే మందుకి ఈ భయం చాలా తక్కువ.

డోస్ కొంచెం పెంచితే లెవల్ కూడా కొంచెమే పెరుగుతుందా? చాలా మందులకి అవును. ఫెనిటాయిన్‌కి మాత్రం కాదు. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

ఇక చివరిది, మీ ఇంటి సంగతి. రోజుకి మూడుసార్లు తాగించగలరా? బడిలో మధ్యాహ్నం డోస్ ఎవరిస్తారు? రక్తంలో మందు లెవల్ చూసే ల్యాబ్ మీకు ఎంత దూరం? నా దృష్టిలో చాలామంది డాక్టర్లు అడగని, తల్లిదండ్రులు చెప్పని విషయం ఇదే. అడగకపోయినా మీరే చెప్పండి.

## ఒక చూపులో

| మందు | ప్రధానంగా పోయే దారి | పిల్లల్లో వేగం | రోజుకి | లెవల్ పరీక్ష అవసరం |
|---|---|---|---|---|
| లెవెటిరాసిటమ్ | కిడ్నీ | అర్ధాయువు 5–6 గంటలు | 2 సార్లు | అరుదు |
| వాల్‌ప్రోయేట్ | లివర్ | రెండు నెలలు దాటాక 7–13 గంటలు | సిరప్ 2–3 సార్లు | కొన్నిసార్లు |
| కార్బమజెపిన్ | లివర్ | మొదట నెమ్మది, నెల తిరిగేసరికి వేగం | 2–3 సార్లు | కొన్నిసార్లు |
| ఫెనిటాయిన్ | లివర్ | లెవల్‌ని బట్టి మారిపోతుంది | 2–3 సార్లు | తప్పనిసరి |
| ఫినోబార్బిటాల్ | ఎక్కువ లివర్, కొంత కిడ్నీ | రోజుల లెక్క | 1–2 సార్లు | అనుమానం వచ్చినప్పుడు |
| లామోట్రిజిన్ | లివర్ | పక్కన ఉన్న మందుని బట్టి 7 నుంచి 45 గంటలు | 1–2 సార్లు | అరుదు |

## లెవెటిరాసిటమ్

లెవిపిల్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన మందు. ఇందులో మూడింట రెండు వంతులు ఏ మార్పూ లేకుండా మూత్రంలో పోతుంది. మిగతా దాంట్లో చాలాభాగం రక్తంలోనే విరిగిపోతుంది, లివర్‌లోని ఆ రద్దీ ఎంజైముల జోలికి వెళ్ళదు. రక్తంలోని ప్రోటీన్లకి పెద్దగా అంటుకోదు. అందుకే మిగతా మందులతో గొడవ దాదాపు ఉండదు. జ్వరానికి, దగ్గుకి, టీబీకి ఏ మందు వాడాల్సి వచ్చినా దీని లెవల్ పెద్దగా తారుమారు కాదు.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు దీన్ని కిలోకి పెద్దలకంటే సుమారు 40 శాతం ఎక్కువ వేగంగా బయటికి పంపుతారు. అందుకే డోస్ కిలోకి 20 దగ్గర మొదలై అవసరాన్నిబట్టి 60 మి.గ్రా. దాకా వెళ్తుంది. సిరప్ మామూలుగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. బలంతో వస్తుంది. మొదట చెప్పిన పాపకి పూటకి 180 మి.గ్రా., అంటే 1.8 మి.లీ. దీన్ని చెంచాతో కొలవడం కుదరదు. సూది లేని సిరంజిలో నల్ల రబ్బరు పై అంచు 1.8 గీత మీదికి వచ్చేదాకా లాగి, గాలి బుడగ ఉంటే వేలితో తట్టి పైకి పంపి, మళ్ళీ చూసుకోవాలి. సిరంజిని కంటికి ఎదురుగా పెట్టుకోవాలి, పైనుంచి చూస్తే గీత తప్పుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. ఆ పాప ఏడాదిలో 16 కిలోలకి పెరిగి, డోస్ మాత్రం 360 దగ్గరే ఉండిపోతే కిలోకి 22.5 మి.గ్రా. మాత్రమే పడుతుంది. మందు మార్చలేదు, ఒక్క పూట మానలేదు, అయినా డోస్ నాలుగో వంతు తగ్గినట్టే. "ఇన్నాళ్ళు బాగుండి మళ్ళీ వచ్చాయి" అనే కేసుల్లో మొదట చూడాల్సింది బరువు.

దీని లోటు ఒంట్లో లేదు, ప్రవర్తనలో ఉంది. చిరాకు, కోపం, మొండితనం, కొందరిలో నిద్ర పాడవడం. ఏడీహెచ్‌డీ (అతి చురుకుదనం, ధ్యాస నిలవకపోవడం) ఉన్న పిల్లలు, ముందునుంచే దూకుడుగా ఉండే పిల్లల ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు. మిగతా అన్ని లెక్కల్లోనూ ఈ మందు ముందుంటుంది కాబట్టి, ప్రవర్తన మారిందని అనిపిస్తే భరించకుండా త్వరగా చెప్పండి.

## వాల్‌ప్రోయేట్

చాలా రకాల ఫిట్స్‌కి పనిచేస్తుంది, అందుకే దీన్ని తేలిగ్గా పక్కన పెట్టలేం. లివర్ దీన్ని రెండు పెద్ద దారుల్లో బయటికి పంపుతుంది, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒక పెద్ద వాటా చూసుకుంటుంది. రెండేళ్ళ లోపు పిల్లల్లో, ముఖ్యంగా మైటోకాండ్రియా జబ్బు ఉన్నవాళ్ళలో, ఒకేసారి చాలా మందులు వాడుతున్నవాళ్ళలో లివర్ దెబ్బతినే ప్రమాదం ఎక్కువగా ఉండడానికి ఈ దారులే కారణం. మేనరికం సంబంధాలు, పెద్దబిడ్డ కారణం తెలియకుండా చనిపోవడం, ఎదుగుదల వెనక్కి పోవడం లాంటివి ఉంటే ఈ మందు మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పాలి.

మూడు నెలల నుంచి పదేళ్ళ వరకు పిల్లలు దీన్ని కిలోకి పెద్దలకంటే సగం ఎక్కువ వేగంగా వదిలేస్తారు. పదేళ్ళు దాటాక పెద్దవాళ్ళ లెక్కే. పక్కన కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ ఉంటే ఇంకా వేగంగా పోతుంది.

ఒక హెచ్చరిక. ఐసీయూలో చేరిన పిల్లలకి మెరోపెనెమ్ రకం యాంటీబయాటిక్ ఇస్తే వాల్‌ప్రోయేట్ లెవల్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. వాల్‌ప్రోయేట్ డోస్ పెంచినా లాభం ఉండదు. యాంటీబయాటిక్ మార్చాలి, లేదా ఆ రోజులకి ఇంకో ఫిట్స్ మందు జోడించాలి. పిల్లాణ్ణి వేరే ఆసుపత్రికి తరలించినప్పుడు "వాల్‌ప్రోయేట్ వాడుతున్నాడు" అనే మాట మొదట చెప్పాలి. ఆస్పిరిన్ దీనికి పడదు, లెవల్ పెరుగుతుంది. పిల్లలకి ఎలాగూ ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

నెమ్మదిగా కరిగే క్రోనో మాత్రల్ని నూరి, పొడి చేసి ఇవ్వొద్దు. అలా చేస్తే 12 గంటలు రావాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి దిగుతుంది.

## కార్బమజెపిన్

మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కి మంచి మందు, ధర తక్కువ, టెగ్రిటాల్ అంటే ఏ ఊళ్ళోనైనా తెలుస్తుంది. దీని విచిత్రం ఏమిటంటే, తనని విరగ్గొట్టే ఎంజైముల్ని తానే పెంచుకుంటుంది. పెద్దవాళ్ళలో మొదటి రోజుల్లో అర్ధాయువు 25 నుంచి 65 గంటలుంటే, మూడు నుంచి ఐదు వారాల తరవాత 12 నుంచి 17 గంటలకి దిగుతుంది. పిల్లల్లో ఇంకా తక్కువ.

ఇంటి భాషలో చెప్పాలంటే: మొదటి వారం పిల్లాడు మత్తుగా, తూలుతూ ఉంటాడు. నెలాఖరుకి చురుగ్గా మారతాడు, ఫిట్స్ కూడా లేవు. రెండో నెలలో ఒక ఫిట్ వస్తుంది. చాలామంది ఇక్కడే మందు పనిచేయట్లేదని నిర్ణయానికి వచ్చేస్తారు. మందు విఫలమైందని అప్పుడే తేల్చలేం; రక్తంలో లెవల్ దిగి ఉండొచ్చు, డోస్ సర్దాల్సి రావచ్చు. ఈ మందు తక్కువ డోస్‌తో మొదలై మెట్టుమెట్టుగా పెరగడానికి కారణం కూడా ఇదే.

యాంటీబయాటిక్స్ విషయంలో జాగ్రత్త. గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్ గానీ క్లారిత్రోమైసిన్ గానీ ఇస్తే కార్బమజెపిన్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రెండు మూడు రోజుల్లో వాంతులు, కళ్ళకి రెండుగా కనబడడం, నడకలో తూలడం. చాలాసార్లు దాన్ని ఇన్ఫెక్షన్ ముదిరిందనుకుంటారు. అజిత్రోమైసిన్‌తో ఈ బెడద దాదాపు లేదు. చర్మం మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

దీని దగ్గరి బంధువు ఆక్స్‌కార్బజెపిన్. ఇది తన దారిని తాను అంతగా మార్చుకోదు, అందుకే డోస్ లెక్క సుఖం. రెండు నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలు దీన్ని కిలోకి పెద్దలకంటే 80 శాతం, నాలుగు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళు 40 శాతం ఎక్కువ వేగంగా వదిలేస్తారు. పదమూడు దాటితే పెద్దల లెక్క. బదులుగా రక్తంలో సోడియం తగ్గే అవకాశం చూసుకుంటూ ఉండాలి. రెండూ కొనగలిగే ఇల్లయితే చిన్నపిల్లలకి నేను ఆక్స్‌కార్బజెపిన్ వైపే మొగ్గుతాను.

## ఫెనిటాయిన్

ఎప్టాయిన్. ఎమర్జెన్సీలో ఫిట్స్ ఆపడానికి దీనికి ఎంతో విలువ ఉంది. ఇంటికి రాసిచ్చే రోజువారీ మందుగా మాత్రం పిల్లలకి ఇది అన్నిటికంటే కష్టమైన మందని గట్టిగా చెబుతాను.

దీన్ని విరగ్గొట్టే ఎంజైములు కొద్ది మందుకే నిండిపోతాయి. టోల్ గేట్ దగ్గర వరుసలన్నీ నిండాక వచ్చే ప్రతి బండీ క్యూని పెంచుతుందే తప్ప ముందుకి కదలదు. ఉదాహరణకి, ఒక పిల్లాడి లివర్ రోజుకి కిలోకి గరిష్ఠంగా 10 మి.గ్రా. వదిలించగలదనుకుందాం. 6 మి.గ్రా. డోస్‌లో లెవల్ 7.5 ఉంటే, 7.5 మి.గ్రా. డోస్‌కి అది 15 అవుతుంది. 8.5 కి చేరితే 28. ఉండాల్సింది 1 మి.లీ. రక్తంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య. అంటే చివరి ఒక్క మి.గ్రా. పెంపుతో పిల్లాడు సరైన లెవల్ నుంచి విషపు లెవల్‌కి జారిపోయాడు. కళ్ళు అటూఇటూ కొట్టుకోవడం, తాగినట్టు నడవడం, మాట ముద్దగా రావడం ఆ గుర్తులు.

ఈ గరిష్ఠం వయసుతో మారుతుంది. చిన్నపిల్లల్లో ఎక్కువ, పెరిగేకొద్దీ కిలోకి తక్కువ. కొందరిలో పుట్టుకతోనే ఆ ఎంజైము బలహీనంగా ఉంటుంది, వాళ్ళకి మామూలు డోసే ఎక్కువైపోతుంది. ఫెనిటాయిన్‌లో 90 శాతం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుని ఉంటుంది, మెదడు మీద పనిచేసేది మిగతా 10 శాతమే. పౌష్టికాహార లోపంతో ఆల్బుమిన్ తగ్గిన పిల్లల్లో రిపోర్టులో లెవల్ మామూలుగానే కనిపించినా, పనిచేసే భాగం ఎక్కువగా ఉండొచ్చు. బక్కచిక్కిన పిల్లాడు మత్తుగా ఉంటే రిపోర్టు చూసి సరిపెట్టుకోకండి.

సిరప్ రూపంలో ఇంకో ప్రమాదం. మందు సీసా అడుక్కి చేరుతుంది. కదపకుండా పోస్తే సీసా మొదట్లో పలచటి మందు, చివర్లో చిక్కటి మందు పడుతుంది. మొదటి రెండు వారాలు ఫిట్స్, చివరి వారం మత్తు. డోస్ మాత్రం చీటీలో ఒక్కటే. ప్రతిసారీ సీసా తలకిందులుగా చేసి అడుగున తెల్లటి మడ్డి మిగల్లేదని చూశాకే పోయాలి. కొత్త సీసా కొన్నప్పుడు 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అనేది పాత సీసాతో పోల్చాలి, కంపెనీ మారితే బలం మారొచ్చు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పిల్లల్లో పాలతో కలిసి ఇస్తే మందు సరిగా ఒంటబట్టదు; ఎంత తేడాతో ఇవ్వాలో అడిగి రాసుకోండి.

చిగుళ్ళు ఉబ్బడం, ఒంటి మీద వెంట్రుకలు పెరగడం దీర్ఘకాలంలో కనిపిస్తాయి. ల్యాబ్ దూరంగా ఉన్న ఇంట్లో, అయిదేళ్ళ లోపు పిల్లకి, వేరే మార్గం ఉండగా ఈ మందు మొదటి ఎంపిక కాకూడదు.

## ఫినోబార్బిటాల్

గార్డినాల్ చవక, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది, రోజుకి ఒక్కసారి రాత్రి ఇస్తే చాలు. అర్ధాయువు రోజుల్లో ఉండడం వల్ల ఒక పూట మర్చిపోయినా లెవల్ పెద్దగా కదలదు. పొలం పనులకి పొద్దున్నే వెళ్ళిపోయే తల్లిదండ్రులకి ఇది చిన్న లాభం కాదు. కానీ చాలామంది పిల్లల్లో అతి చురుకుదనం, చిరాకు, చదువు మీద ధ్యాస తగ్గడం కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి తగ్గుతుంది. ఆపేటప్పుడు నెలల మీద మెల్లగా తగ్గించాలి.

నెలల పిల్లలకి ఇది ఇప్పటికీ ముఖ్యమైన మందు. బడికి వెళ్ళే పిల్లకి వేరే దారి ఉంటే అది చూడడం మేలు.

## లామోట్రిజిన్, మిగతావి

లామోట్రిజిన్ వేగం దాని చేతిలో ఉండదు, పక్కన ఉన్న మందు చేతిలో ఉంటుంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో ఒంటరిగా ఇస్తే అర్ధాయువు సుమారు 19 గంటలు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ లాంటివి తోడుంటే 7, 8 గంటలు. వాల్‌ప్రోయేట్ తోడుంటే సుమారు 45 గంటలు. ఒకే మందు, ఒకే పిల్ల, ఆరు రెట్ల తేడా. వాల్‌ప్రోయేట్‌తో కలిపినప్పుడు చాలా తక్కువ డోస్‌తో మొదలుపెట్టి వారాల మీద పెంచేది ఇందుకే. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే చర్మపు రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ఈ జంటలో వాల్‌ప్రోయేట్ ఆపుతుంటే లామోట్రిజిన్ లెవల్ దానంతట అదే పడిపోతుంది, అది కూడా సర్దాలి. మత్తు తక్కువ, చదువుకి మంచిది. వెంటనే అదుపు కావాల్సిన చోట మాత్రం పనికిరాదు.

క్లోబజామ్, అంటే ఫ్రిజియం, లివర్‌లో ఇంకో పదార్థంగా మారుతుంది, ఆ పదార్థం కూడా మందులాగే పనిచేస్తుంది. దాన్ని బయటికి పంపే ఎంజైము బలహీనంగా ఉండేవాళ్ళు ఆసియా దేశాల్లో ఎక్కువ. అలాంటి పిల్లల్లో మత్తు, చొంగ కారడం మొదటి రోజు కాకుండా రెండు మూడు వారాల్లో పెరుగుతూ పోతాయి. "అలవాటవుతుంది" అని వదిలేయకుండా డోస్ గురించి అడగండి.

టోపిరమేట్ ఎక్కువగా కిడ్నీ దారిన పోతుంది, పిల్లల్లో కిలోకి పెద్దలకంటే వేగంగానే. మన ఎండలకి సంబంధించిన చిక్కు ఒకటుంది: ఇది చెమట పట్టడాన్ని తగ్గిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలోనో తెలంగాణలోనో రేకుల ఇంట్లో ఉండే పిల్లాడికి ఒళ్ళు కాలిపోతూ చెమట మాత్రం పట్టకపోతే అది మామూలు జ్వరం కాకపోవచ్చు. కిడ్నీలో రాళ్ళ భయం కూడా ఉంది కాబట్టి నీళ్ళు బాగా తాగించాలి.

## మీ పరిస్థితికి ఏది

నెలల బిడ్డ, పుట్టగానే ఐసీయూలో ఉండి ఇంటికి వచ్చినవాళ్ళు. ఈ వయసులో వారం వారం వేగం మారుతుంది. ఆసుపత్రిలో కట్టిన డోస్ నెల తరవాత చాలకపోవచ్చు. అలాగని ఇంటికి వచ్చాక మందు ఏళ్ళ తరబడి కొనసాగించాల్సిన అవసరం అందరికీ ఉండదు. "ఎప్పుడు ఆపొచ్చు" అని మొదటి విజిట్‌లోనే అడగండి.

ఏడాది నుంచి అయిదేళ్ళు. వేగం అన్నిటికంటే ఎక్కువ ఉండే వయసు. రోజుకి రెండుసార్లు కచ్చితంగా ఇవ్వగలిగితే, ఫిట్స్ రకం ఒప్పుకుంటే, లెవెటిరాసిటమ్ లేదా ఆక్స్‌కార్బజెపిన్ తేలిక. మూడు నెలలకోసారి బరువు చూసి డోస్ లెక్క మళ్ళీ కట్టించాలి.

బడి వయసు. మధ్యాహ్నం డోస్ లేకుండా చూసుకోండి. మూడుసార్లు ఇవ్వాల్సిన సిరప్ బదులు నెమ్మదిగా కరిగే మాత్ర మింగగలడేమో అడగొచ్చు. బడిలో టీచరుకి ఇవ్వమని చెప్పిన డోస్ ఎక్కువగా తప్పిపోయేదే.

ఆడపిల్ల, పదేళ్ళు దాటుతున్నది. వాల్‌ప్రోయేట్ గురించి ఇప్పుడే మాట్లాడాలి. గర్భంలో బిడ్డకి అవయవ లోపాలు, తెలివితేటల మీద దెబ్బ తెచ్చే ప్రమాదం దీనికి బాగా ఎక్కువ. "పెళ్ళి అప్పుడు చూద్దాం" అనుకుంటే ఆలస్యమవుతుంది. ఫిట్స్ అదుపులో ఉన్న మందుని మార్చడానికి నెలలు పడుతుంది. ఆమె ఒళ్ళు మందుని వదిలే వేగం కూడా ఈ వయసులోనే మారుతోంది కాబట్టి, మార్చాల్సి ఉంటే డాక్టరుతో కలిసి ఇప్పుడే ప్లాన్ చేసుకోవడం మంచిది. లామోట్రిజిన్‌కి మారితే ఒక విషయం గుర్తుంచుకోవాలి: తరవాత ఎప్పుడైనా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడితే దాని లెవల్ సగం దాకా పడిపోతుంది, గర్భంలోనూ అంతే.

ఇంట్లో టీబీ ఉంటే. ఇంట్లో ఎవరికైనా టీబీ వస్తే అయిదేళ్ళ లోపు పిల్లలకి ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ ఇస్తారు. అది ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లెవల్స్ పెంచుతుంది. పిల్లకే టీబీ అయి రిఫాంపిసిన్ మొదలైతే లివర్ దారిన పోయే చాలా ఫిట్స్ మందుల లెవల్ పడిపోతుంది. టీబీ మందులిచ్చే చోట ఫిట్స్ చీటీ, ఫిట్స్ డాక్టరు దగ్గర టీబీ చీటీ చూపించండి. లెవెటిరాసిటమ్ వాడుతుంటే ఈ టెన్షన్ చాలావరకు లేదు.

ల్యాబ్ దూరం, డబ్బు తక్కువ. ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, లెవెటిరాసిటమ్ అన్నీ 2022 నాటి జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగడానికి మీకు ఆధారం ఉంది. చవకైనది ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, లెవల్ పరీక్ష లేకుండా ఫెనిటాయిన్ కంటే కార్బమజెపిన్ భద్రం, రకం ఒప్పుకుంటే.

## లెవల్ పరీక్ష రాస్తే

రక్తం పొద్దున్న డోస్ ఇవ్వకముందు తీయించాలి. మందు తాగించి తీసుకెళ్తే అది శిఖరం దగ్గరి లెవల్, దాంతో డోస్ నిర్ణయించడం కుదరదు. డోస్ మార్చిన తరవాత ఎన్ని రోజులకి తీయాలో మందుని బట్టి మారుతుంది కాబట్టి తేదీ చీటీ మీద రాయించుకోండి. ల్యాబ్‌లో మూడు విషయాలు చెప్పండి: చివరి డోస్ ఏ టైమ్‌కి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, పక్కన వేరే ఏ మందులు వాడుతున్నారు. రిపోర్టు వచ్చాక లెవల్ "తక్కువ" అని ఉన్నా పిల్లకి ఫిట్స్ లేకపోతే, ఆ అంకె కోసం డోస్ పెంచాల్సిన పని చాలాసార్లు ఉండదు. లెవల్ "మామూలు" అని ఉన్నా పిల్ల తూలుతుంటే, ఆ సంగతి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పడానికి తరవాతి విజిట్ దాకా ఆగకండి.